పిలిస్తే పలకదు, పది పాయింట్లు

లిఫ్టులు తనిఖీ చేసే ఆ మనిషిని ఆఫీసులో అందరూ ‘రెండోసారి’ అనేవాళ్ళు. ముఖం మీద అనరు, మెట్ల దగ్గర అంటారు. బ్రేకు బాగా పడుతోంది సార్ అని మెకానిక్ చెబితే, "మంచిది, రెండోసారి చూద్దాం" అని లిఫ్టు పెట్టె పైకప్పు మీదికి ఎక్కేవాడు. తాళ్ళు చూడమంటే మిగతావాళ్ళు టార్చి వేసి చూస్తారు. అతను జేబులోంచి పాత నూలుగుడ్డ తీసి, ఇనుప తాడు చుట్టూ వదులుగా పట్టుకుని, లిఫ్టుని మెల్లగా కదపమనేవాడు. ఎక్కడైనా సన్నతీగ ఒక్కటి తెగి ఉన్నా గుడ్డ పీలిక అక్కడ చిక్కుకుంటుంది. కంటికి దొరకని తప్పు గుడ్డకి దొరుకుతుంది. ఇంటికొచ్చాక చొక్కా జేబుల్లో ఆ గ్రీజు గుడ్డలు చూసి భార్య, "మీ జేబులు నేనూ రెండోసారి చూశాకే ఉతుకుతాను" అనేది.

అది పుట్టుకతో వచ్చిన గుణం కాదు. పని నేర్చుకునే రోజుల్లో, పైన మెషిన్ రూములో ఉన్న సీనియరు "మెయిన్ ఆపేశాను, చెయ్యి పెట్టు" అని కేకేశాడు. పెట్టాడు. ఎడమచేతి చిటికెనవేలి కొస ఆ రోజే పోయింది. సీనియరు అబద్ధమేం చెప్పలేదు, ఆపింది పక్క లిఫ్టు మెయిను, అంతే. తర్వాత ఆస్పత్రికి పళ్ళు పట్టుకొచ్చి మంచం పక్కన కూర్చుని ఏడ్చాడు కూడా. అబద్ధం చెప్పేవాడి కంటే నిజమనుకుని చెప్పేవాడే ప్రమాదం అని అతని లెక్క అప్పటినుంచి మొదలైంది. ఆ వేలికి కట్టు కట్టిన నర్సే తర్వాత భార్య అయింది. "మా బావ వేలు ఇచ్చి చెయ్యి పట్టుకున్నాడు" అని బావమరిది ఇప్పటికీ ఎగతాళి చేస్తుంటాడు.

పెళ్ళయి పదకొండేళ్ళు. నాలుగేళ్ళ కూతురు, ఇంట్లో అందరికీ బుడ్డది. దాని కోసం ప్రతి బల్ల మూలకీ రబ్బరు తొడుగు వేశాడు, బాల్కనీ కడ్డీల మధ్య సందు స్కేలు పెట్టి కొలిచి పైన వల కట్టాడు. థర్మామీటర్లు రెండు కొన్నాడు. రెండూ ఒకే అంకె చూపిస్తే గానీ జ్వరం ఉందనీ నమ్మడు, లేదనీ నమ్మడు.

ఇలాంటి మనిషి ఆదివారం మధ్యాహ్నాలు పాచికలు వేస్తూ లేని కోటకి కాపలా కాసేవాడంటే మెట్ల దగ్గర నవ్వుకునే వాళ్ళు కూడా నమ్మరు.

ఆ ఆట తెచ్చింది బావమరిది. ప్రెస్సులో పుస్తకాలకి పేజీలు పేర్చే పని అతనిది. ఆటలో గెలుపోటములు ఉండవు. కథ నడిపేవాడు ఒకడు, అది బావమరిది. "మీ ముందు పాడుబడ్డ వంతెన, అవతల పొగ. ఏం చేస్తారు?" అంటాడు. మిగతావాళ్ళు తమ పాత్రలు ఏం చేస్తాయో చెబుతారు. అది కుదిరిందో లేదో రెండు పాచికలు తేలుస్తాయి. ఒక్కో ఆటగాడికీ ఒక కాగితం. తన పాత్రకి ఏమొచ్చో, ఏం రాదో అందులో రాసి ఉంటుంది.

ఆడేది ముగ్గురు. అతను, భార్య, కింది ఇంటి బస్సు డ్రైవరు. డ్రైవరుని అందరూ బాబాయ్ అంటారు. మధ్యాహ్నం రెండింటికి బుడ్డదాన్ని కింద ఆయన భార్య, పిన్ని దగ్గర వదిలేవాళ్ళు, డ్రైవర్ బాబాయ్ పైకొచ్చేవాడు. ఐదింటి దాకా ఆట. వారంలో భార్య కాళ్ళు చాపుకుని కూర్చునేది ఆ మూడు గంటలే. మిగతా వారమంతా వార్డులో గంటలు మోగుతూనే ఉంటాయి. ఇంటికొస్తే బుడ్డది, బుడ్డదాని వెనక అతను.

మూడేళ్ళపాటు పాత పద్ధతిలో ఆడారు. అందులో కాగితం పైన మొట్టమొదట వృత్తి రాస్తారు. మొదటిరోజు బావమరిది ఆలోచించకుండా రాసిచ్చాడు. "బావా, నువ్వు కాపలాదారువి, వేరే చెప్పాలా. అక్క నర్సు కాబట్టి వైద్యురాలు. బాబాయ్, మీరు బండి తోలేవాడు." డ్రైవర్ బాబాయ్ కాగితం వెనక్కి తోశాడు. "ముప్పై ఏళ్ళు ఎర్రలైటు దగ్గర ఆగాన్రా. ఇక్కడైనా ఆగకుండా బతకనీ. నన్ను దొంగని చెయ్యి." ఆయన్ని దొంగని చేశారు. భార్య మాత్రం వైద్యురాలి కాగితం తీసుకుని పేరు రాసుకుంది.

ఆ పద్ధతి అతనికి ప్రాణం. వైద్యురాలు కత్తి పట్టకూడదు, కాపలాదారు మంత్రం చదవకూడదు, దొంగ తప్ప ఎవరూ తాళం తీయలేరు. అనుభవం వచ్చేకొద్దీ ఎవరి వృత్తిలో వాళ్ళు మెట్టు మెట్టు ఎక్కుతారు. సంచిలో ఏదైనా పోయిందంటే ముగ్గురూ ఒక్కసారే డ్రైవర్ బాబాయ్ వైపు చూసేవాళ్ళు, ఆయన ఒప్పుకునేవాడు. అనుమానంతో బతికే మనిషికి ఆ మూడు గంటలూ సెలవు. ఎవరిని అనుమానించాలో కాగితం మీదే రాసి ఉన్నప్పుడు మిగతావాళ్ళ దగ్గర హాయిగా కూర్చోవచ్చు.

నాలుగో ఏడు మొదట్లో బావమరిది కొత్త పద్ధతి తెచ్చాడు.

"వృత్తులు తీసేస్తున్నాం," అన్నాడు, కొత్త కాగితాలు పంచుతూ. "ఒక్కొక్కరికీ వంద పాయింట్లు. కావలసిన విద్యలు కొనుక్కోండి. ఈత కొనుక్కోండి, తాళాలు తీయడం కొనుక్కోండి, రెండూ కొనుక్కోండి. చాలకపోతే లోపాలు రాసుకోండి. ఎత్తంటే భయం, చెవుడు, పిసినారితనం. ఒక్కో లోపానికి ఇన్ని పాయింట్లని తిరిగిస్తాను."

"అంటే ఎవడు ఏమిటో పైన రాసి ఉండదా?"

"ఉండదు బావా. మనిషికి నుదుటి మీద వృత్తి రాసి ఉంటుందా?"

"లిఫ్టుకి రాసి ఉంటుంది. ఎనిమిది మంది, ఇన్ని కిలోలు అని. ఆ రేకు పీకేసి, ఎంతమంది పడితే అంతమంది ఎక్కండి, లిఫ్టుకి స్వేచ్ఛ ఇచ్చాం అంటే ఒప్పుకుంటానా?"

"మనుషులు లిఫ్టులా బావా?"

"లిఫ్టులయితే నయం. ఏడాదికోసారి తనిఖీకి ఒప్పుకుంటాయి."

డ్రైవర్ బాబాయ్ నవ్వాడు. భార్య నవ్వలేదు, కాగితం చదువుతోంది.

అతని వాదన తీసిపారేయాల్సింది కాదు. వృత్తి ఉంటే జట్టులో ఎవరి చోటు వాళ్ళది, ఆపద వస్తే ఎవరిని అడగాలో తెలుస్తుంది. వృత్తి లేకపోతే అందరికీ అన్నీ కొంచెం కొంచెం వస్తాయి, అవసరానికి ఏదీ సరిగా రాదు. పైగా ఇది ఫలానావాడు కొని ఉంటాడులే అని అందరూ అనుకుంటే చివరికి అది ఎవడి దగ్గరా ఉండదు. ఈ మాట చెప్పింది అతనే. చెప్పిన మనిషే తర్వాత పప్పులో కాలేశాడు.

బావమరిది వాదన కూడా గట్టిదే. "మూడేళ్ళుగా ఒకరికి ఇష్టం లేని వృత్తి మోయిస్తున్నామేమో ఎవరైనా చూశామా? మొదటిరోజు నేను రాసిచ్చాను, మీరు తీసుకున్నారు. అంతేగా?"

"ఎవరికి ఇష్టం లేదు? ఎవరడిగారు ఇది మార్చమని?"

"ఒకరు అడిగారు."

"ఎవరు?"

"ఒకరు," అన్నాడు బావమరిది, పాచికలు డబ్బాలో వేసి గలగలలాడిస్తూ. తర్వాత గొంతు మార్చి ఒక కట్టడి పెట్టాడు. కొత్త పద్ధతిలో ఎవరి కాగితం వాళ్ళకీ, కథ నడిపేవాడికీ తప్ప ఇంకొకరికి కనపడకూడదు. ఎవరైనా ఇంకొకరి కాగితం చూశారని తేలితే ఆ రోజుతో ఆట సరి. మళ్ళీ ఈ బల్ల దగ్గర కూర్చునేది లేదు.

భార్య తలెత్తి, "ఆ కట్టడి నాకు నచ్చింది," అంది. అతని వైపు చూసే అంది.

వంద పాయింట్లతో అతను ఏం కొన్నాడో చెబితే మనిషి ఏమిటో తెలిసిపోతుంది. అబద్ధం పసిగట్టడం నలభై, డాలు ముప్పై, కాపలా ఇరవై, తాళ్ళూ ముళ్ళూ ఇరవై. పది ఎక్కువైతే ఒక లోపం రాశాడు: ఎవరినీ నమ్మడు. బావమరిది అది చదివి, "ఇది లోపంగా లెక్కేయాలా, విద్యగానా?" అని తల గోక్కున్నాడు.

మొదటి ఆదివారమే ఉమ్మడి సంచిలో లాంతరు పోయింది. చీకటి గుహ ముందు బావమరిది మామూలుగా చెప్పాడు: "సంచి తెరిచారు. లాంతరు లేదు."

అలవాటుగా అందరూ డ్రైవర్ బాబాయ్ వైపు తిరిగారు. ఆయన రెండు చేతులూ ఎత్తాడు. "నా కాగితం చెప్పకూడదు గానీ, ఒక్కటి చెబుతా. నేనిప్పుడు వంటవాణ్ణి. గరిటె తప్ప ఏదీ పట్టను."

అతను అబద్ధం పసిగట్టే విద్య వాడాడు. పాచికలు తొమ్మిది చూపించాయి. "నిజమే చెబుతున్నాడు," అన్నాడు బావమరిది. మిగిలింది ఒక్కరు.

"లాంతరు నువ్వు తీశావా?" అని భార్యని అడిగాడు.

"మీ కాపలాదారు నా మనిషిని అడుగుతున్నాడా, మీరు నన్ను అడుగుతున్నారా?"

"కాపలాదారే."

"అయితే తీయలేదు."

పాచికలు వేశాడు. నాలుగు పడింది. "తెలియలేదు," అన్నాడు బావమరిది. భార్య టీ కప్పు అందుకుంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు అని డ్రైవర్ బాబాయ్ ఎవరికీ కాకుండా గోడకి చెప్పాడు.

అక్కడితో ఆగితే ఆటే. కానీ అతని బుర్ర ఐదింటికి ఆగే రకం కాదు. లాంతరు దగ్గర మొదలై ఇంట్లో మనిషి దాకా వచ్చాడు. రెండు నెలలుగా ప్రతి బుధవారం ఆమె నలభై నిమిషాలు ఆలస్యంగా వస్తోంది. అడిగితే "డ్యూటీ అప్పగించడం ఆలస్యమైంది" అంటుంది. బుధవారమే ఎందుకు ఆలస్యమవుతుంది? జుట్టు చివర్లు తడిగా ఉంటాయి. దగ్గరికొస్తే బ్లీచింగ్ వాసన. ఆస్పత్రి కదా అనుకున్నాడు. కానీ మంగళవారం ఆ వాసన లేదు, గురువారం లేదు. తమ్ముడితో బాల్కనీలో ఫోన్ మాట్లాడుతుంది, అతను వస్తే "సరే, ఆదివారం చూద్దాం" అని పెట్టేస్తుంది. ఒక బుధవారం ఉండబట్టలేక వార్డుకే ఫోన్ చేశాడు. "ఆవిడ టైముకే వెళ్ళిపోయారు సార్," అంది అవతలి గొంతు.

ఆ రోజు ఆమె వచ్చి, "డ్యూటీ అప్పగించడం ఆలస్యమైంది," అంది.

అనుమానం పెనుభూతం అంటారు. అతని దగ్గర అది భూతంలా అరవదు, గుమస్తాలా పక్కన కూర్చుని ఒక్కొక్కటీ రాసుకుంటుంది. ఆమె వెళ్ళిపోతుందేమో. ఎప్పుడో, ఎక్కడికో తెలీదు. ఆ మాటని అతను బయటికి అనలేదు, అద్దం ముందు గడ్డం గీసుకుంటూ కూడా అనుకోలేదు. కానీ బుడ్డది చెయ్యి పట్టుకుని రోడ్డు దాటుతున్నప్పుడు మరీ గట్టిగా పట్టుకుంటున్నాడు. "నాన్నా నొప్పి" అంటోంది అది.

తర్వాతి ఆదివారం ఆట ముగిసేసరికి జోరువాన. కాగితాల ఫైలు ఎప్పుడూ వెంట తీసుకుపోయే బావమరిది, "తడుస్తాయి, వచ్చేవారం దాకా ఇక్కడే ఉండనీ," అని బీరువా మీద పెట్టి వెళ్ళాడు. నీలం అట్ట, ఎర్ర నాడా, నాడాకి ముడి.

సోమ, మంగళ, బుధ. బీరువా ఉన్న గదిలోకి అవసరం లేకుండా నాలుగుసార్లు వెళ్ళాడు.

గురువారం బుడ్డదానికి కొంచెం ఒళ్ళు వెచ్చబడితే సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాడు. భార్య పగటి డ్యూటీలో ఉంది. మధ్యాహ్నం పిల్ల నిద్రపోయింది. రెండు థర్మామీటర్లూ తొంభై తొమ్మిదే చూపించాయి. భయపడాల్సిందేమీ లేదు. భయపడాల్సిందేమీ లేనప్పుడే అతనికి తోచదు. కుర్చీ వేసుకుని ఫైలు దించాడు. చూస్తే ఏమవుతుందో తెలుసు. ఆట సరి. ఆమె కాళ్ళు చాపుకునే మూడు గంటలు సరి. తెలిసే, ముందు ముడిని ఫోన్‌తో ఫోటో తీశాడు, మళ్ళీ అలాగే కట్టాలని. అప్పుడు విప్పాడు.

ఆమె కాగితం రెండోది. గుండ్రటి అక్షరాలు, మందు చీటీలా వరసగా.

ఈత, ఇరవై ఐదు. ఎక్కడం, దిగడం, ఇరవై ఐదు. చప్పుడు కాకుండా నడవడం, ముప్పై. దారి మరిచిపోకపోవడం, ఇరవై. ఒంటరిగా ఉండగలగడం, ఇరవై ఐదు. వైద్యం అని అచ్చులో ఉన్న చోట సున్నా. ఆ సున్నా మీద పెన్ను రెండుసార్లు తిప్పింది, కాగితం అవతలికి అచ్చు పడింది.

లోపాలు. నెత్తురు చూడలేదు, పదిహేను. పిలిస్తే పలకదు, పది.

వస్తువులు. గొడుగు, రొట్టె, లాంతరు.

మనసులోనే కూడాడు. నూట ఇరవై ఐదు ఖర్చు, ఇరవై ఐదు తిరిగొచ్చింది, వంద. లెక్క సరిపోయింది. సరిపోవడమే అతన్ని భయపెట్టింది. సరదాకి రాసినదయితే ఎక్కడో ఒకటి తేడా వచ్చేది. ఇది వెళ్ళేవాళ్ళు సర్దుకున్న పెట్టెలా ఉంది. దారి తెలుసు, చప్పుడు చేయదు, ఒంటరిగా ఉండగలదు, పిలిస్తే పలకదు.

డ్రైవర్ బాబాయ్ కాగితం కూడా అక్కడే ఉంది. దాన్ని తిప్పనైనా లేదు. ఫోటో చూసుకుంటూ ముడి వేశాడు, ఫోటో చెరిపేశాడు. సాయంత్రం ఆమె వచ్చి, "జ్వరం ఎలా ఉంది?" అంటే, "ఎవరికి?" అన్నాడు.

ఆ మూడు రోజులూ తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. అడిగితే చూసినట్టు తెలుస్తుంది. అడగకపోతే నిద్ర పట్టదు. వాక్యం నోటి దాకా వచ్చి టీ నీళ్ళతో కలిసి లోపలికి పోయేది.

ఆదివారం వచ్చింది. బావమరిది నాడా ముడి విప్పి కాగితాలు పంచాడు. కథలో వాళ్ళు ఒక పాడుబడిన బావి దగ్గరికి చేరారు. అడుగున గంట మోగుతోంది. ఎవరో ఒకరు దిగాలి. పాత తాడు ఒకటి గిలకకి వేలాడుతోంది.

మామూలుగా అయితే ఇక్కడ అరగంట పట్టేది. తాడు మందమెంత, ఎన్నేళ్ళది, గిలక తిరుగుతుందా, కొస ఎవరు పట్టుకుంటారు, పడితే కట్టు కట్టేది ఎవరు అని కాపలాదారు వరసగా అడిగేవాడు. డ్రైవర్ బాబాయ్ ఆ అరగంటకని బిస్కెట్ల డబ్బా దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

చివరి ప్రశ్న అడిగితే నలుగురిలో ఆమె జవాబు చెప్పాలి. ఆ జవాబు అతనికి తెలుసు.

"దిగుతున్నా," అన్నాడు.

బిస్కెట్టు డ్రైవర్ బాబాయ్ నోటి దగ్గరే ఆగింది. బావమరిది కూడా ఒక క్షణం తడబడ్డాడు. "దిగుతున్నావా? సరే. పాత తాడు, అయినా నీకు ముళ్ళూ తాళ్ళూ వచ్చు. నాలుగు, ఆపైన పడితే చాలు."

రెండు పాచికలు కలిపి మూడో, అంతకు తక్కువో పడాలంటే ముప్పై ఆరులో మూడు అవకాశాలు. పన్నెండింటిలో ఒక వంతు. ఇంతకంటే తక్కువ ప్రమాదానికి లిఫ్టులు మూయించిన మనిషి అతను. వేశాడు. ఒకటి, రెండు.

"తాడు తెగింది," అన్నాడు బావమరిది మెల్లగా. "అడుగున రాళ్ళ మీద పడ్డావు. కాలు విరిగింది, నెత్తురు కారుతోంది. మూడు నిమిషాలు టైముంది."

"అమ్మాయ్, దిగి కట్టు కట్టు," అన్నాడు డ్రైవర్ బాబాయ్.

"నాకు వైద్యం రాదు బాబాయ్."

"రాదా? నువ్వు కదా వైద్యురాలివి."

"అది పాత కాగితంలో."

"మరి ఎవరికొచ్చు?" ఆయన ముగ్గుర్నీ చూశాడు. "నేను వంట కొన్నాను, పాట కొన్నాను, బేరమాడటం కొన్నాను. నువ్వున్నావు కదా అని ధీమా." కాపలాదారు వైపు తిరిగాడు. "నువ్వేం కొన్నావయ్యా, కట్టు ముక్కయినా లేదూ?"

లేదు. వృత్తులుంటేనే ఎవరి పని ఎవరిదో తెలుస్తుందని వాదించిన మనిషి, కాగితం మారినా ఆమె పని మాత్రం ఆమెదేనని వదిలేశాడు. బుర్రలో ఆ రేకు పీకనే లేదు.

"రెండు నిమిషాలు," అన్నాడు బావమరిది. "బావా, నీకు స్పృహ ఉంది. పైన ఇద్దరున్నారు. ఏం చేస్తావు?"

ఏ ఆటగాడైనా ఏం చేస్తాడు? పిలుస్తాడు. భార్య ఆ మాట కోసమే చూస్తోంది. బల్ల కింద ఆమె కాళ్ళు కదలడం ఆగిపోయింది. పిలిస్తే పలకదు, అది ఆమె కాగితం మీద ఉంది. పిలిచాడంటే ఆ లోపం ప్రకారం ఆమె పైనే ఉండిపోవాలి, పిలవకపోతే తనంతట తను దిగొచ్చు.

"ఏమీ చెయ్యను."

"పిలవవా?"

"పిలవను."

"చచ్చిపోతావు బావా. మూడేళ్ళుగా ఆడుతున్న మనిషి."

"ఎవర్నీ పిలవను," అన్నాడు.

ఆమె కుర్చీ వెనక్కి జరిగింది. "కాగితం చూశారు," అంది. అడగలేదు, చెప్పింది. "అడక్కుండా దూకినప్పుడే అనుకున్నాను. మీరు గిలక గురించైనా అడక్కుండా దూకే మనిషి కాదు. ఇప్పుడు తెలిసింది."

గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అతని చెయ్యి వద్దన్నా చొక్కా జేబు మీదికి పోయింది. అందులో ఏమీ లేదు. "చూశాను. గురువారం," అన్నాడు.

బావమరిది ఫైలు మూశాడు. ఎవరి ముఖమూ చూడలేదు. "కట్టడి పెట్టింది నేనే. ఆట సరి."

"ఏం సరి?" అంది ఆమె. "చూసింది ఆయన. నేను చూడలేదు, బాబాయ్ చూడలేదు. మా ఆదివారం ఎందుకు పోవాలి? ఆట ఉంటుంది. ఆయన ఉండరు."

డ్రైవర్ బాబాయ్ ఏదో అనబోయి, ఆమెను చూసి, బిస్కెట్ల డబ్బా మూత పెట్టాడు. బావిలో కాపలాదారు గురించి ఇంకెవరూ మాట్లాడలేదు. బావమరిది అతని కాగితం మీద అడ్డంగా గీత గీశాడు.

సాయంత్రం ఆమె బట్టలు మడతపెడుతుంటే గుమ్మంలో నిలబడి అడిగాడు. మూడు రోజులు గొంతులో ఉన్నదాన్ని రెండు ముక్కల్లో అడిగాడు. "వెళ్ళిపోతున్నావా?"

"ఎక్కడికి?"

"బుధవారాలు."

ఆమె చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. తర్వాత అల్మరా కింది అర తెరిచి, దుప్పట్ల వెనక నుంచి ఒక సంచి తీసి అతని ముందు పెట్టింది. లోపల తువ్వాలు, రబ్బరు టోపీ, కళ్ళకి పెట్టుకునే అద్దాలు. బుధవారం వాసన గుప్పుమంది.

"ఈత," అంది. "ఆస్పత్రి వెనక వీధిలో కొలను ఉంది. నలభై నిమిషాలు. తమ్ముడికి తెలుసు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేసేవారు? లోతెంత, కాపలా మనిషికి సర్టిఫికెట్ ఉందా, నీళ్ళలో క్లోరిన్ ఎంత."

"అవి అడగాల్సినవే కదా."

"అడగాల్సినవే. నేనూ అడిగాను, మొదటిరోజే. కానీ మీరు అడిగితే వచ్చేవారం కూడా అడుగుతారు. తర్వాత ఒకరోజు మీరే వచ్చి గట్టు మీద కూర్చుంటారు." చొక్కా మడత పూర్తిచేసింది. "నీళ్ళలో చెవులు మునిగితే ఎవరు పిలిచినా వినపడదు. నాకు అది చాలు. వార్డులో గంట, ఇంట్లో బుడ్డది, ఆదివారం పూట కూడా వైద్యురాలా, ఇటు రా, వైద్యురాలా, కట్టు కట్టు. మూడేళ్ళు ముగ్గురికీ కట్టాను. మీకే ఎక్కువ."

"పద్ధతి మార్చమంది నువ్వేనా?"

"ఇంకెవరు."

అతను సంచి వైపు చూస్తూ నిలబడ్డాడు. తువ్వాలు నిజంగానే వాడినదేనా అని తాకి చూడాలనిపించింది. చెయ్యి చాచాడు కూడా. ఆమె చూస్తోందని తెలిసి వెనక్కి తీసుకున్నాడు.

"వార్డుకి మీరు ఫోన్ చేశారని వాళ్ళు మర్నాడే చెప్పారు," అంది ఆమె. "ఊరుకున్నాను. మీ స్వభావం నాకు కొత్త కాదు. ఈ కాగితం ఒక్కటే నేను దాచుకున్నది. అందులో ఏమీ లేదు, చూశారుగా. అయినా దాచుకున్నాను."

చూడకపోయి ఉంటే బాగుండేదని అంటే అబద్ధం. చూశాక కూడా నమ్మకం కుదరలేదు, అదే అతని బాధ. బుధవారం నలభై నిమిషాల్లో దారికి పది పోతే ఈతకి ముప్పయ్యే, మరి జుట్టు ఆరడానికి ఎంత అని అప్పుడే బుర్రలో లెక్క మొదలైంది. పళ్ళ బిగువున ఆపుకున్నాడు.

ఆ తర్వాత ఆదివారాలు బల్ల దగ్గర ముగ్గురే. కింద పిన్నికి మోకాళ్ళ నొప్పులు ఎక్కువయ్యాయి, బుడ్డదాన్ని చూసుకునే పని అతనిదైంది. ఇంట్లో ఉంటే చెవి బల్ల దగ్గరికే పోతుందని రెండు కాకముందే పిల్లని తీసుకుని దిగిపోయేవాడు. భవనం వెనక ఇసుక పోసిన చిన్న స్థలం, ఒక జారుడుబల్ల. దాని మేకులన్నీ మొదటివారమే బిగించాడు.

నాలుగో ఆదివారం పైన కిటికీ తెరిచి ఉంది. డ్రైవర్ బాబాయ్ పకపకా నవ్వాడు, ఆమె ఏదో అంది, మళ్ళీ నవ్వారు. ఆమె మనిషి బావిలోకి దిగిందా, లాంతరుతో ఒంటరిగా ఎటో పోయిందా, ఇంకా బాబాయ్ వంటవాడి దగ్గరే ఉందా, తెలీదు. బావమరిదిని అడిగితే చెప్పడు. బాబాయ్‌ని అడిగితే చెబుతాడు, అందుకే అడగలేదు.

"అమ్మ ఏం చేస్తోంది?" అంది బుడ్డది, ఇసుకలో కూర్చుని.

"ఆడుకుంటోంది."

"పిలవనా?"

అతను వద్దనే లోపే పిల్ల తలెత్తి, ఉన్న గొంతంతా పెట్టి "అమ్మా" అంది. పైన నవ్వు ఆగలేదు. కిటికీ దగ్గరికి ఎవరూ రాలేదు. వినపడలేదో, వినపడీ రాలేదో. ఏదయిందో తెలుసుకోవాలని అతనికి అరికాళ్ళు దురదపెట్టాయి. మెట్లు ఇరవై రెండే.

"అమ్మా," అంది బుడ్డది మళ్ళీ.

"ఏం కావాలి? నాకు చెప్పు."

పిల్ల అతన్ని అనుమానంగా చూసింది. వాళ్ళ నాన్న చూపే అది, ఎవరూ నేర్పలేదు. "దాహం," అంది చివరికి.

అతను సంచిలోంచి సీసా తీసి, మూత విప్పి, అలవాటుగా తను ఒక గుక్క తాగి చూసి, పిల్ల చేతికిచ్చాడు. అది రెండు చేతులతో పట్టుకుని తాగింది, గడ్డం మీదుగా కారుతున్నా ఆగలేదు. తర్వాత చెప్పులో ఇసుక పడిందంది, దులిపాడు. జారుడుబల్ల ఎక్కించమంది, ఎక్కించాడు. కింద చేతులు చాచి నిలబడి, అది జారేదాకా కిటికీ వైపు చూడలేదు.